లక్ష్మి పోయిందన్న తండ్రి: చూసినవాళ్ళు ఏమంటున్నారు

శ్రోతలకు నమస్కారం.

సెలూన్ నడుపుకునే ఒక మనిషి ఒంటి మీద దెబ్బలతో పోలీసు స్టేషన్‌కి వస్తాడు. ఇంట్లో దొంగలు పడ్డారంటాడు. ఏం పోయిందని అడిగితే లక్ష్మి పోయిందంటాడు. లక్ష్మి అంటే మనిషి కాదు, ఇనుప చెత్తబుట్ట. స్టేషన్లో ఉన్నవాళ్ళంతా నవ్వుతారు, విసుక్కుంటారు, చేయి కూడా చేసుకుంటారు. వెతికి పెడితే లక్షల్లో డబ్బిస్తానని అతను అనేసరికి ఆ స్టేషన్ తీరే మారిపోతుంది.

2024 జూన్ 14న తమిళంలోనూ, డబ్బింగ్‌తో తెలుగులోనూ ఒకేరోజు విడుదలైన ‘మహారాజ’ సినిమా ఇలా మొదలై నడుస్తుంది. దర్శకుడు నిథిలన్ స్వామినాథన్. కథానాయకుడు విజయ్ సేతుపతి, అతనికిది యాభయ్యో సినిమా. కథ జరిగే ఊరు చెన్నై. జూలై 12 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది, నవంబర్ 29న చైనాలో విడుదలైంది. ఇంతమంది చూశాక అభిప్రాయాలు ఒక్కటిగా ఉండవు. ఈ సినిమా మీద ప్రేక్షకులు ఎక్కడెక్కడ విడిపోయారు, ఎందుకు విడిపోయారు అన్నదే ఈ ప్రసంగం.

ముందే ఒక మాట. చివరి ముడిని నేను విప్పను. కానీ నడిమి ముడిని విప్పకుండా, చివర్లోని కొన్ని ఘట్టాలు ఎత్తకుండా ఈ చర్చ సాగదు. సినిమా చూడనివాళ్ళు, చూడాలనుకున్నవాళ్ళు దీన్ని గమనంలో ఉంచుకోగలరు.

మెచ్చుకున్నవాళ్ళు ముందుగా మెచ్చుకున్నది స్క్రీన్‌ప్లేని. ఇందులో రెండు కథలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి చెత్తబుట్ట కోసం తిరిగే మహారాజది. రెండోది సెల్వం అనే మనిషిది. అతనికి ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉంది, భార్య ఉంది, ప్రాణంగా చూసుకునే చిన్న కూతురు ఉంది. రాత్రయితే తోడుదొంగతో కలిసి ఇళ్ళు దోస్తాడు, ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళను చెరుస్తాడు. ఎడిటర్ ఫిలోమిన్ రాజ్ ఈ రెండు కథల్నీ ఎలా అల్లాడంటే, రెండూ ఒకే రోజుల్లో జరుగుతున్నాయని మనమే అనుకుంటాం. సినిమా ఆ మాట ఎక్కడా చెప్పదు. వాటి మధ్య ఏళ్ళ దూరం ఉందని తెలిసిన క్షణం నుంచి, అప్పటిదాకా చూసిన ప్రతి దృశ్యాన్నీ మనసులో మళ్ళీ సర్దుకోవాలి.

ఇలాంటి అల్లికను తూచడానికి ఒక పద్ధతి ఉంది. దాచిన సంగతి బయటపడ్డాక మొదటి సగాన్ని మళ్ళీ చూడాలి. ప్రతి పాత్రా తనకు అప్పటికి తెలిసినదాన్ని బట్టే మాట్లాడిందా, లేక మనల్ని తప్పుదారి పట్టించడానికే మాట్లాడిందా? ‘మహారాజ’ ఈ పరీక్షలో చాలావరకు నిలబడుతుంది. స్టేషన్లో మహారాజ ఒకే కథని, అవే మాటల్లో, పాఠం అప్పజెప్పినట్టు మళ్ళీ మళ్ళీ చెబుతాడు. మొదటిసారి చూసినప్పుడు అది అమాయకత్వంలా, మొండితనంలా కనిపిస్తుంది. రెండోసారి చూసినప్పుడు, ఒక్క మాట అటూ ఇటూ జారకూడదని పళ్ళ బిగువున నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. ఆ నటన రెండు చూపులకూ సరిపోయింది. ‘ఉప్పెన’లో విజయ్ సేతుపతిని పరువు కోసం ఎంతకైనా తెగించే తండ్రిగా చూసిన తెలుగువాళ్ళకు ఈ తండ్రి మరింత కొత్తగా అనిపించాడు.

పరీక్షలో నిలబడనిది కాకతాళీయం. సెల్వం సెలూన్లో ఒక వస్తువు మరిచిపోవడం, దాన్ని ఇచ్చి రావడానికి మహారాజ అతని ఇంటికి వెళ్ళడం, సరిగ్గా ఆ వేళకే పోలీసులు రావడం. ఒక కథకి ఒక్క కాకతాళీయాన్ని ప్రేక్షకుడు ఉదారంగా ఒప్పుకుంటాడు. ఇక్కడ ఒకదాని మీద ఒకటిగా పేర్చారు. ‘ఇంత కలిసిరావడం ఎక్కడైనా ఉంటుందా’ అని అడిగినవాళ్ళది న్యాయమైన ప్రశ్న. కాకతాళీయం కథను కష్టంలోకి నెడితే ఒప్పుకోవచ్చు, కష్టంలోంచి గట్టెక్కిస్తే ఒప్పుకోకూడదని కథలు రాసేవాళ్ళలో ఒక పాత లెక్క ఉంది. ‘మహారాజ’లో దాదాపు అన్నీ కష్టంలోకి నెట్టేవే. అందుకే థియేటర్లో అవి అడ్డు తగలవు. ఇంటికొచ్చి నిదానంగా ఆలోచించినప్పుడే తగులుతాయి.

ఇప్పుడు నడిమి ముడి. పోయింది చెత్తబుట్ట కాదు. తండ్రి ఇంట్లో లేని సమయంలో ముగ్గురు మగవాళ్ళు చొరబడి, బడికి వెళ్ళే అతని కూతురు జ్యోతిపై అఘాయిత్యం చేశారు. ఫిర్యాదులో ఆ మాట ఉండదు. దొంగతనమనే సాకుతో పోలీసుల చేతనే ఆ మనుషుల్ని వెతికించాలన్నది అతని ఎత్తు.

ప్రేక్షకుల్లో ఎక్కువగా నలిగిన ప్రశ్న ఇక్కడే పుట్టింది. తండ్రి పోలీసులకు నిజం ఎందుకు చెప్పలేదు? కథ నడవాలి కాబట్టి చెప్పలేదు, ఇది రచయిత అవసరమే తప్ప తండ్రి అవసరం కాదు అన్నారు కొందరు. ఆ స్టేషన్ని చూశాక ఏ తండ్రి చెబుతాడు అన్నారు ఇంకొందరు.

దీనికి జవాబు వెతికే ముందు, నిజం చెబితే చట్టం ప్రకారం ఏం జరగాలో తెలుసుకోవాలి. పిల్లలపై లైంగిక నేరాలకు 2012లో వచ్చిన పోక్సో చట్టం ఉంది. దాని ప్రకారం పిల్ల వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి. ఆ అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పిల్లను రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. వైద్య పరీక్ష ఆడపిల్లకు మహిళా డాక్టరే చేయాలి, పక్కన తల్లిగానీ తండ్రిగానీ, పిల్ల నమ్మే మరో మనిషిగానీ ఉండాలి. పేరు, బడి, ఇంటి ఆనవాలు ఏదీ బయటికి పొక్కకూడదు. కోర్టులో లాయరు పిల్లను నేరుగా ప్రశ్నించకూడదు. ప్రశ్నలు జడ్జికి ఇస్తే జడ్జే అడగాలి. వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగియాలి.

సినిమాలోని స్టేషన్‌ని ఈ వరుస పక్కన పెట్టి చూడండి. చెత్తబుట్ట గురించి చెప్పినందుకే అతన్ని పదిమంది ముందు నవ్వులపాలు చేశారు. అదే మనుషుల ముందు కూతురి మాట ఎత్తితే ఆ పేరు సాయంత్రానికి వీధి చివరి టీ కొట్టుదాకా చేరుతుందన్న భయం ఏ తండ్రికైనా సహజం. దర్శకుడు మొదటి సగమంతా స్టేషన్లో హాస్యం నడిపింది ఇందుకే అని నా అభిప్రాయం. కామెడీ సాగదీశారన్న ఫిర్యాదు చాలామంది చేశారు. కొన్నిచోట్ల అది నిజమే. కానీ ఆ నవ్వుని తీసేస్తే తండ్రి మౌనానికి కారణమే మిగలదు. తరువాత మనం ఎవర్ని చూసి నవ్వామో తలుచుకుని సిగ్గుపడతాం కూడా.

సామాన్యుడికి దారులు లేవని మాత్రం అనుకోకండి. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం గురించి చెబితే పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013 నవంబర్‌లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఈ సినిమా విడుదలైన పదిహేడు రోజులకు, 2024 జూలై 1 నుంచి, పోలీసులూ కోర్టులూ నేరాలను ఎలా విచారించాలో చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అమల్లోకి వచ్చింది. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలని అందులో రాసి ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పంపాలి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటుని ఆశ్రయించాలి. పిల్లల విషయమైతే 1098కి, ఎలాంటి అత్యవసరానికైనా 112కి ఫోన్ చేయాలి.

స్టేషన్లో కాలయాపన అనగానే చూసినవాళ్ళలో చాలామందికి ఇంకో సినిమా గుర్తొచ్చింది. అనురాగ్ కశ్యప్ తీసిన హిందీ సినిమా ‘అగ్లీ’. ‘మహారాజ’లో సెల్వం వేషం వేసింది ఈ కశ్యపే. ‘అగ్లీ’ కథ ముంబైలో జరుగుతుంది. విడాకులైన తండ్రి కూతుర్ని కారులో కూర్చోబెట్టి పని మీద పైకి వెళతాడు. తిరిగొచ్చేసరికి పాప ఉండదు. ఫిర్యాదు చేయడానికి తండ్రి, అతని స్నేహితుడు స్టేషన్‌కి వెళితే, ఫోన్ మోగినప్పుడు తెర మీద మనిషి ఫొటో ఎలా వస్తుందని ఇన్‌స్పెక్టర్ ఆరా తీస్తూ కూర్చుంటాడు. ఆ దృశ్యం నిమిషాలకు నిమిషాలు సాగుతుంది. చూసేవాళ్ళు రెండు వర్గాలయ్యారు. సాగదీత అన్నవాళ్ళు ఒకవైపు, ఊపిరి ఆడలేదన్నవాళ్ళు ఒకవైపు. మనకి కలిగే ఆ విసుగే తండ్రికి కలుగుతున్న నరకం. గడియారం తిరుగుతుంటుంది, పాప దూరమవుతుంటుంది. ఈ సినిమా 2013 మే నెలలో కాన్ ఉత్సవంలో మొదట ప్రదర్శితమైంది. సరిగ్గా అదే నెల 10న, పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎత్తుకుపోయారనే భావించి వెంటనే ఎఫ్‌ఐఆర్ రాయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. పొగతాగడం మీద హెచ్చరిక వేయాలా వద్దా అన్న వివాదం కోర్టుకెక్కి, మన థియేటర్లకి ‘అగ్లీ’ 2014 డిసెంబర్ 26న గానీ రాలేదు.

రెండింట్లోనూ తండ్రే, రెండింట్లోనూ నగరమే. కానీ ‘అగ్లీ’లో పాపని వెతకాల్సిన ప్రతి మనిషీ ఆ వెతుకులాటలో తన లాభం వెతుక్కుంటాడు. తండ్రి కూడా మినహాయింపు కాదు. అందుకే ఆ సినిమా చూసి బయటికొచ్చిన మనిషి చప్పట్లు కొట్టలేడు. ‘మహారాజ’లో తండ్రి మచ్చలేనివాడు. అతని ఉద్దేశాన్ని అనుమానించే అవకాశమే మనకివ్వరు. థియేటర్లో చప్పట్లు రావడానికి అది కారణం. నాకు మాత్రం ఈ విషయంలో ‘అగ్లీ’యే ధైర్యమైన సినిమా.

చప్పట్ల సంగతి తెలుగువాళ్ళకు వేరేగా చెప్పనక్కర్లేదు. ‘మహారాజ’ చివర్లో, నిజం తెలిసిన పోలీసులు నిందితుణ్ణి తండ్రి చేతికే వదిలేస్తారు. చాలామందికి ఆ ఘట్టం కన్నీళ్ళు తెప్పించింది. లంచం అడిగిన ఇన్‌స్పెక్టరే మనిషిగా మారాడని సంతోషించారు. 2019 డిసెంబర్ 6 ఉదయం షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు మన జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూలూ ఈ చప్పట్లూ ఒకే బాధలోంచి వచ్చినవి. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. నివేదిక 2022 మేలో బయటికొచ్చేసరికి పూలు చల్లినవాళ్ళలో ఎందరు దాన్ని చదివి ఉంటారు? సినిమాలో తప్పు ఎవరిదో కెమెరా మనకి ముందే చూపించింది కాబట్టి అనుమానానికి చోటు లేదు. బయట అలా చూపించే కెమెరా లేదు. ఆ ఘట్టం చూసి కదిలిపోయినవాళ్ళని నేను తప్పుపట్టను. దాన్ని పోలీసులకు మార్గదర్శిగా చెప్పేవాళ్ళతో మాత్రం ఏకీభవించలేను.

ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. మహిళా ప్రేక్షకులు ఎక్కువగా ఎత్తిచూపిన అభ్యంతరం కూడా ఇదే. ఆడపిల్లకు జరిగిన ఘోరాన్ని కథలో ఒక మలుపుగా వాడుకున్నారని. జ్యోతికి ఏం జరిగిందన్నది మనకు ఆమె బాధగా కాక, ముందుగా తండ్రి దాచిన రహస్యంగా తెలుస్తుంది. రహస్యం అనేసరికి ప్రేక్షకుడి మనసు పజిల్ విప్పే పనిలో పడుతుంది. ముక్క ముక్కకి అతికిందన్న తృప్తి, ఒక పసిదాని మీద అత్యాచారం జరిగిందన్న దుఃఖం, రెండూ ఒకే నిమిషంలో కలుగుతాయి. ఆ కలయిక మనసుకి ఇబ్బందిగా ఉందన్నవాళ్ళు సున్నితత్వం ఎక్కువై అనలేదు. సినిమా నిర్మాణంలోనే ఆ ఇబ్బంది ఉంది. సెల్వం దోచే ఇళ్ళలోని ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాళ్ళు సెల్వం ఎంత చెడ్డవాడో చెప్పడానికి వచ్చి, వెళ్ళిపోతారు. వాళ్ళకి ఆ తరువాత ఏమైందో సినిమా తిరిగి చూడదు.

దర్శకుడి పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. జ్యోతిని ఆసుపత్రి మంచానికే వదిలేయలేదు. తనకు ఈ గతి పట్టించిన మనిషిని చూడాలని అడిగేది ఆమే. చివర్లో అతని ఎదుట నిలబడి మాట్లాడేదీ ఆమే. ఆ పాత్రలో సచనా నమిదాస్ ఏడుపుతో కాక, స్థిరమైన గొంతుతో మాట్లాడుతుంది. అప్పటిదాకా తండ్రి చుట్టూ తిరిగిన సినిమా ఆ రెండు మూడు నిమిషాలు కూతురిదవుతుంది. అవి ఇంకాస్త ముందుగా మొదలై ఉంటే, జ్యోతి ఏమనుకుంటోందో మనకి అరగంట ముందే తెలిసి ఉంటే, సగం అభ్యంతరాలు పుట్టేవే కావు.

సింగంపులి సంగతి కూడా చెప్పాలి. తమిళంలో హాస్య పాత్రలతో పేరున్న నటుడు, ఇందులో నల్లశివం అనే నేరస్థుడు. తమిళ ప్రేక్షకులు అతను కనిపించగానే నవ్వడానికి సిద్ధపడ్డారు, ఆ అలవాటునే దర్శకుడు వాళ్ళ మీద ప్రయోగించాడు. మనలో ఎక్కువమందికి అతను కొత్త ముఖం కాబట్టి ఆ దెబ్బ తెలుగులో అంత బలంగా తగల్లేదు.

ఇంట్లో పిల్లలతో కలిసి చూడవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చిన్నపిల్లలతో వద్దు. హింస రక్తంతో సహా తెర మీదే ఉంది, అఘాయిత్యం మాట దాదాపు రెండో సగమంతా నడుస్తుంది. పదో తరగతి దాటిన పిల్లలతో చూసేట్టయితే ముందు పెద్దవాళ్ళు ఒకసారి చూడండి. తరువాత వాళ్ళతో కలిసి చూస్తున్నప్పుడు, నిజం బయటపడే ఘట్టం దగ్గర ఆపి, ఆ తండ్రి మన ఊరి స్టేషన్‌కి వస్తే ఎవరికి ఏమని చెప్పాలో, 1098కి ఎప్పుడు ఫోన్ చేయాలో అక్కడే మాట్లాడుకోండి.

నమస్కారం.