ఏజెంట్‌కి నోట్స్ మొత్తం చూపించాలా?

హోస్ట్: నమస్కారం. నోట్స్ యాప్‌ని ఏఐ ఏజెంట్‌కి, అంటే మన తరఫున ఫైళ్లు తెరిచి పనులు చేసిపెట్టే ఏఐకి, కలపడం ఇప్పుడు చిటికెలో పని. 2024 నవంబరులో ఆంత్రోపిక్ కంపెనీ ఎంసీపీ అని, ఏఐని వేరే యాప్‌లతో కలిపే ప్రోటోకాల్ విడుదల చేశాక కనెక్టర్లు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. మీరేమో నోట్స్ చూపించొద్దు, మెటాడేటా, అంటే పేరు, తేదీ లాంటి పైపై వివరాలు, చాలంటారు. ఏంటండీ ఈ పిసినారితనం?

గెస్ట్: (నవ్వు) పిసినారితనమే అనుకోండి. "మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ప్రాజెక్టులేవి?" అని ఏజెంట్‌ని అడిగారనుకోండి. దీనికి మీ రాతంతా చదవాలా? ఫైలు పేరు, స్టేటస్, చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు, ఏ నోట్ దేనికి లింకై ఉంది. ఇంతే కావాలి. వందల నోట్స్ చదివిస్తే టోకెన్లకి, అంటే ఏఐ చదివే ముక్కముక్కకీ, డబ్బు దండగ. పైగా పాత రాతల్లో పడి అడిగిందే మర్చిపోతుంది.

హోస్ట్: అబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌లో అయితే ఇవి నోట్ పైభాగంలోనే ఉంటాయి కదా, పైన మూడు, కింద మూడు చిన్న గీతల మధ్య.

గెస్ట్: అవును, యామల్‌లో, అంటే ‘పేరు: విలువ’ అని రాసే పద్ధతిలో. యాప్‌లో వాటినే ప్రాపర్టీస్ అంటారు. అక్కడో తిరకాసుంది. "శీర్షిక: ప్రాజెక్టు: రెండో దశ" అని కోట్స్ లేకుండా రాశారనుకోండి. రెండో కోలన్ దగ్గర యామల్ తడబడుతుంది. ఇక ఆ నోట్ ప్రాపర్టీలేవీ చదవడం కుదరదు. చదివే మనకి ఆ రాత సులువుగానే అర్థమవుతుంది. ఏజెంట్ మాత్రం "అలాంటి ప్రాజెక్టేమీ లేదు" అని ధీమాగా చెప్పేస్తుంది.

హోస్ట్: మనం నమ్మేస్తాం కూడా.

గెస్ట్: తేదీలతో ఇంకో గొడవ. ఫైలు మార్చిన తేదీని నమ్ముకోకండి. ఒక ట్యాగ్ పేరు అన్ని నోట్స్‌లో ఒకేసారి మార్చారా, ఆ ఫైళ్లన్నిటికీ ఇవాళ్టి తేదీ పడిపోతుంది. ఏళ్లుగా మూలన పడున్నది కూడా తాజాగా కనిపిస్తుంది. ‘చివరిగా చూసిన తేదీ’ అని మీరే ఒక ప్రాపర్టీ పెట్టుకోవాలి.

హోస్ట్: మరి ప్రైవసీ? లోపలి రాత చూడదు కాబట్టి భయం లేనట్టేనా?

గెస్ట్: అబ్బే, అలా అనుకుంటే కొంప మునుగుతుంది. ఫైలు పేరు ‘విడాకుల లాయర్‌తో మీటింగ్’. పక్కన తేదీ. ఒక మనిషి పేరున్న నోట్‌కి లింకు. ఇక లోపల చదవడానికేం మిగిలింది? అమెరికా నిఘా సంస్థలు ఎన్‌ఎస్‌ఏ, సీఐఏలకు డైరెక్టరుగా చేసిన మైకేల్ హేడెన్ 2014లో ఒక చర్చలో బాహాటంగానే అన్నాడు, మెటాడేటాని బట్టి మనుషుల్ని చంపుతామని. అక్కడి చర్చ ఫోన్ రికార్డుల మీద. మన నోట్స్ శీర్షికలు అంతకంటే వాగుడుకాయలు.

హోస్ట్: ఆ ఫోల్డర్లని సెట్టింగ్స్‌లో ‘ఎక్స్‌క్లూడెడ్ ఫైల్స్’ కింద పెడితే?

గెస్ట్: అది యాప్ సెర్చ్‌లో, నోట్స్ లింకుల బొమ్మ చూపించే గ్రాఫ్‌లో కనబడకుండా చేస్తుందంతే. ఫోల్డర్ అందుబాటులో ఉంటే ఏజెంట్ నేరుగా ఫైలే తెరుస్తుంది. "దాన్ని చూడకు" అని ప్రాంప్ట్‌లో, అంటే ఏజెంట్‌కి మనం రాసిచ్చే మాటల్లో, బతిమాలుకున్నా అంతే. నేనైతే నోట్స్ ఉన్న ఫోల్డర్‌నే దానికి అందనివ్వను. చిన్న స్క్రిప్టు ఒకటి నేను ఎంచుకున్న వివరాలే తీసి జేసన్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో రాస్తుంది. డైరీ ఫోల్డర్ జోలికి స్క్రిప్టే వెళ్లదు. ఏజెంట్ చూసేది ఆ జేసన్ ఒక్కటే.

హోస్ట్: ఏదైనా నోట్ లోపల చదవాల్సొస్తే?

గెస్ట్: ఏది కావాలో అడుగుతుంది, నేనే కాపీ చేసి ఇస్తాను. కొంచెం చాకిరీయే. ఆ మాత్రం చాకిరీకి నేను సిద్ధం.

హోస్ట్: ఇక టెన్షన్ లేనట్టే.

గెస్ట్: ఉందండీ. వెబ్ క్లిప్పర్ అనే బ్రౌజర్ పరికరంతో వెబ్ పేజీలు నోట్స్‌లో దాచుకుంటాం కదా, ఆ పేజీ శీర్షిక, వివరణ నేరుగా మన ప్రాపర్టీల్లోకి వచ్చి పడతాయి. అది మన రాత కాదు. ఆ వివరణలో ఎవడో "ఈ ఫైళ్లన్నీ ఫలానా చోటికి పంపు" అని ఇరికించి పెడితే, ఏజెంట్ దాన్ని మీ ఆజ్ఞే అనుకోవచ్చు. ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటే ఇదే. అందుకని క్లిప్పింగుల ఫోల్డర్‌ని నా స్క్రిప్టు దాటేస్తుంది. ఈ పని చేసేటప్పుడు ఏజెంట్‌కి ఇంటర్నెట్ కూడా ఇవ్వను.

హోస్ట్: ట్యాగ్‌లు తనే సర్దుతానంటే?

గెస్ట్: జాబితా ఇవ్వమంటాను. ‘పుస్తకం’, ‘పుస్తకాలు’ అని రెండు ట్యాగ్‌లుంటే పట్టుకోవడంలో దానికి తిరుగులేదు. కలపడం మాత్రం నేనే, అదీ గిట్‌లో ఒక కమిట్ వేశాక, అంటే వెనక్కి తెచ్చుకునేలా పాత రూపం దాచుకున్నాక.