గాజు మీద కాదు, గాజులో రంగు

అందరికీ నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేస్తాను. నా చేతిలో అరచేయంత గాజు పలకలు రెండున్నాయి. రెండింటి మీదా ఒకే నల్లటి చుక్కల ముగ్గు. రెండూ ఇంక్‌జెట్ యంత్రం మీద అచ్చు వేసినవే. మొదటి పలకను ఈ వేడినీళ్ల గిన్నెలో వేసి మూత పెడుతున్నాను. రెండోదాన్ని మీ మధ్యకు పంపుతున్నాను. గోటితో గీకండి, తాళంచెవితో గీకండి, మొహమాటపడకండి.

మన భాషలో కిటికీకి బిగించేదీ గాజే, చేతికి వేసుకునేదీ గాజే. నా పని ఏమిటని ఎవరైనా అడిగితే నేను చేతి గాజు దగ్గరే మొదలుపెడతాను. మా అమ్మ ఆకుపచ్చ గాజులు వేసుకునేది, వాటి మీద బంగారు రంగు గీతలుండేవి. బూడిద, కొబ్బరిపీచు పెట్టి అంట్లు తోమిన చేతులవి. నెల తిరిగేసరికి బంగారు గీతలు పోయేవి. ఆకుపచ్చ మాత్రం గాజు చిట్లేదాకా అలాగే ఉండేది. బంగారు గీత గాజు మీద పూసినది. ఆకుపచ్చ, గాజు కొలిమిలో కరిగినప్పుడే అందులో కలిసిపోయినది. ఆ పైపూతకు లోపలి రంగుకున్నంత ఆయుష్షు తేవడమే ఇరవై ఏళ్లుగా చెన్నై అంబత్తూరులోని మా ప్రయోగశాలలో నేను చేస్తున్న పని.

తెలుగులో ఇంకడం అనే మాట ఉంది. నేల నీటిని ఇంకించుకుంటుంది, బట్ట రంగును ఇంకించుకుంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రవంతో దాని మీద గీస్తారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఆ ఇనుముతో కలిసి నలుపవుతుంది. పాలలోని కొవ్వు గీతను పక్కకు పాకనివ్వదు. సిరా శాస్త్రంలో నేను తర్వాత నేర్చుకున్న రెండు పెద్ద పాఠాలు, రంగు పట్టడానికి ముందుపూత, పాకకుండా అదుపు, ఆ బట్ట మీద ఎప్పుడో ఉన్నాయి. గాజుతో కష్టమేమిటంటే, అది దేన్నీ ఇంకించుకోదు. దారం లేదు, నార లేదు, రంధ్రం లేదు. శుభ్రంగా కడిగిన గాజు మీద నీటి చుక్క వేస్తే చుట్టూ పాకిపోతుంది. వేలిముద్ర పడిన చోట అదే చుక్క ముడుచుకుని నిలబడుతుంది. ఒకే పలక మీద రెండు స్వభావాలు. అందుకే మా దగ్గర సిరా కంటే ముందు గాజు కడిగే యంత్రాన్ని చూసుకుంటాం.

ఇంకో విషయం కూడా చూసుకుంటాం. పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించిన ఫ్లోట్ పద్ధతిలో కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలనిచ్చి పలకగా మారుస్తారు. మనకు దగ్గరలో శ్రీపెరుంబుదూరులో తయారయ్యే గాజు కూడా ఆ పద్ధతిదే. తగరాన్ని తాకిన వైపున ఆ లోహం కొద్దిగా ఉండిపోతుంది. మామూలు కంటికి తేడా తెలియదు. చీకట్లో 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం పెడితే ఆ వైపు పాలపొరలా మసగ్గా వెలుగుతుంది. ఏ వైపు అచ్చు వేస్తున్నామో తెలియకుండా పని మొదలుపెట్టడం గాలికి వదిలేయడమే.

ఇక సిరా సంగతి. గాజు మీద అచ్చు వేసే సిరాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది యూవీ సిరా, గిన్నెలో ఉన్న పలక మీదిది. ఆక్రిలేట్ అనే ద్రవపదార్థాలు అతినీలలోహిత కాంతి తగలగానే క్షణంలో గట్టిపడి ప్లాస్టిక్ పొరగా మారతాయి. రంగులు కళకళలాడతాయి, కొలిమి అక్కర్లేదు. కానీ గట్టిపడేటప్పుడు ఆ పొర కుంచించుకుపోతుంది. అంటే పుట్టిన క్షణం నుంచే గాజును వదిలించుకోవాలని లాగుతూ ఉంటుంది. దాన్ని ఆపడానికి సిలేన్ అనే పదార్థాన్ని మధ్యవర్తిగా పెడతాం. దాని ఒక చివర గాజులోని సిలికాన్, ఆక్సిజన్ అల్లికను పట్టుకుంటుంది, రెండో చివర సిరాను పట్టుకుంటుంది.

ఈ మధ్యవర్తిని నేనొకసారి అతిగా నమ్మాను. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక కార్యాలయ భవనానికి లోపలి గాజు తలుపుల మీద పూల తీగలు అచ్చు వేసి ఇచ్చాం. ఏప్రిల్‌లో పరీక్షించాం. బ్లేడుతో గళ్లు గళ్లుగా కోసి, అంటుడు టేపు వేసి ఒక్క ఊపున లాగాం. ఒక్క గడి కూడా లేవలేదు. నవంబరు వానలు వచ్చాయి. కబురందితే వెళ్లి చూశాను. తలుపు అంచున, నేల తుడిచే తడిగుడ్డ రోజూ తగిలే చోట, తీగ చివరి ఆకు కాగిన పాల మీద మీగడలా లేచి ఉంది. వేలితో పట్టుకుంటే మొత్తం కొమ్మ ఒక్క ముక్కగా చేతిలోకి వచ్చింది. గాజు కింద నిగనిగలాడుతోంది, దానికేమీ జరగనట్టే. నీరు అంచు నుంచి పొర కిందికి దూరి, మేము నమ్ముకున్న ఆ బంధాలను ఒక్కొక్కటిగా విప్పేసింది. తప్పు పూర్తిగా మాదే. పొడి గాజు మీద చేసిన పరీక్ష చెన్నైకి చాలదు. ఆ తర్వాత నుంచి నీళ్లలో నానబెట్టి, ఉడికించి తీయకుండా మా దగ్గర ఏ నమూనా బయటికి వెళ్లదు.

రెండో రకం నాకు ప్రాణం. మీ చేతుల్లో తిరుగుతున్న పలక ఆ రకమే. ఇందులో సిరా అంటే నిజానికి గాజే. త్వరగా కరిగే గాజును మెత్తగా నూరిన పొడి, దాన్నే ఫ్రిట్ అంటాం. దానికి వేడికి చెడని లోహ ఆక్సైడ్ల రంగు పొడి, మోసుకెళ్లడానికి ద్రావకం. అచ్చు వేసి, ఆరబెట్టి, పలకను గట్టిపరిచే కొలిమిలోకి పంపుతాం. 650 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడి, మిల్లీమీటరు మందానికి సుమారు 40 సెకన్లు. ఆ కొద్ది నిమిషాల్లో ముందు సిరాలోని జిగురు పదార్థాలు మసి మిగలకుండా కాలిపోవాలి, ఆ తర్వాతే ఫ్రిట్ కరిగి పరుచుకోవాలి. క్రమం తప్పితే చిక్కుకున్న వాయువు సూదిమొన బుడగలుగా మిగిలిపోతుంది. అదే సమయంలో కింద పలక వంగిపోకూడదు. పైది కరగాలి, కిందిది నిలబడాలి. ఈ రెండింటి మధ్య మాకు దొరికే చోటు చాలా ఇరుకు.

ఒకప్పుడు ఈ ఇబ్బందిని సీసం తీర్చేది. సీసం కలిపిన ఫ్రిట్ తక్కువ వేడికే నూనెలా పారేది, మెరుపు కూడా బాగుండేది. అది విషం. దాన్ని వదిలించుకోవడం సరైన పని. ఇప్పుడు బిస్మత్, జింకు, బోరాన్ ఆక్సైడ్లతో ఆ గుణం తెస్తున్నాం. పైగా చల్లారేటప్పుడు సిరా గాజు, పలక గాజు దాదాపు ఒకేలా ముడుచుకోవాలి. వేడికి ఎంత సాగుతుందో చెప్పే వ్యాకోచ గుణకం మామూలు గాజుకు డిగ్రీకి పది లక్షల్లో 9 వంతుల దగ్గర ఉంటుంది. దానికి సరిపడకపోతే పూత కింద ఒత్తిడి నిలిచిపోతుంది. గట్టిపరిచిన గాజుకు ఐరోపా ప్రమాణం చదరపు మిల్లీమీటరుకు 120 న్యూటన్ల బలం లెక్కకడితే, పూత వేసిన వైపు లాగుడు పడినప్పుడు 75 మాత్రమే ఒప్పుకుంటుంది. భవనం ముఖభాగానికి గాజు ఎంచుకునే ఇంజనీర్లు ఇక్కడ ఉంటే ఈ అంకె గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

కారు ముందు అద్దం అంచున నల్లటి పట్టీ మీరంతా చూసే ఉంటారు. అది ఈ రకం పూతే, అద్దాన్ని అంటించిన జిగురును ఎండ నుంచి కాపాడుతుంది. అయితే దాన్ని ఎంతోకాలంగా జల్లెడ లాంటి తెర గుండా సిరా ముద్దను నెట్టి వేస్తున్నారు. ఆ ముద్ద ఇడ్లీ పిండిలా చిక్కగా ఉండవచ్చు. ఇంక్‌జెట్‌లో అలా కుదరదు. సిరా చిమ్మే నాజిల్ రంధ్రం వెంట్రుక మందం కంటే సన్నం. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లవ వంతు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 30 పికోలీటర్ల చుక్క అంటే సుమారు 39 మైక్రాన్ల అడ్డుకొలత. అలాంటివి సెకనుకు వేలల్లో, ఒకదాని వెనుక ఒకటి, తోక విరగకుండా, దారి తప్పకుండా పడాలి. అందుకు సిరా పల్చగా ఉండాలి, చిక్కదనాన్ని కొలిచే సెంటీపాయిజుల్లో చెప్పాలంటే మామూలుగా 8 నుంచి 20 మధ్య. పొడి రేణువు ఒక మైక్రాన్ దాటకూడదు.

ఇక్కడే అసలు పోరు. నీటికి ఐదు రెట్లు బరువైన గాజు పొడిని నీళ్లలాంటి ద్రవంలో తేలనివ్వాలి. ద్రవంలో రేణువు దిగే వేగాన్ని చెప్పే స్టోక్స్ సూత్రం ప్రకారం లెక్క వేసి చూడండి. ఒక మైక్రాన్ రేణువు, పది సెంటీపాయిజుల ద్రవం అయితే రోజుకు దాదాపు రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. శుక్రవారం సాయంత్రం మూతపెట్టిన సీసా సోమవారం ఉదయానికి పైన తేట, అడుగున ముద్ద. రేణువును సగానికి నూరితే దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి ఇంకా నూరాలనిపిస్తుంది. కానీ అతిగా నూరితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, రంగు కూడా వెలిసిపోతుంది. అందుకని రేణువు చుట్టూ పాలిమర్ తొడుగు వేస్తాం, నాజిళ్లుండే ప్రింట్‌హెడ్ లోపల సిరాను నిరంతరం తిప్పుతూ ఉంటాం. మా ప్రయోగశాలలో ప్రతి సీసాకూ ఒక తేదీ చీటీ, రోజూ ఉదయం ఒక కొలబద్ద. పైన తేట ఎన్ని మిల్లీమీటర్లో కొత్తగా చేరిన పిల్లల చేత రాయిస్తాను. ఆరు వారాలు ఆ పుస్తకం రాసిన అమ్మాయికి సిరా గురించి నేను కొత్తగా చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

గాజు సిరాల్లో ఈ దారి ముందుగా వేసినవారిలో 2005లో మొదలైన ఇజ్రాయెల్ సంస్థ డిప్‌టెక్ ఒకటి. యంత్రం, సిరా, కొలిమి మూడింటినీ కలిపి ఆలోచించడం వాళ్ల దగ్గర నేర్చుకోవలసిన విషయం.

తీరని సమస్య ఒకటి చెప్పాలి: ఎరుపు. నలుపుకు రాగి, క్రోమియం ఆక్సైడ్లున్నాయి. నీలానికి కోబాల్టు ఉంది. కాగితం మీద మనం వాడే గులాబీ ఎరుపు రంగు పొడి సేంద్రియ పదార్థం. 650 డిగ్రీల్లో బూడిదే. ఇనుప ఆక్సైడ్ వేస్తే ఇటుక రంగు వస్తుంది. కాడ్మియం, సెలీనియం కలిస్తే మంచి ఎరుపు వస్తుంది కానీ విషం, పైగా అన్ని ఫ్రిట్‌లతోనూ పొసగదు. అందుకే కాగితం మీద నాలుగు రంగులతో తేలే బొమ్మ గాజు మీద అదే నాలుగింటితో తేలదు. ఎవరైనా గాజు తలుపు మీద పట్టుచీర అంచు ఎరుపు అడిగితే ఈ రోజుకు నేను ఇటుక ఎరుపే ఇవ్వగలను. ఇక్కడ రసాయనశాస్త్రం చదువుతున్న పిల్లలున్నారు. ఆ ఎరుపు కోసం పని చేయాలనుకుంటే, మీ కోసం మా ప్రయోగశాలలో ఒక బల్ల ఖాళీగా ఉంచుతాను.

రెండో పలక నా దగ్గరికి తిరిగి వచ్చింది. తాళంచెవి ఇనుము దాని మీద గీతలై మిగిలింది, గుడ్డతో తుడిస్తే పోయింది, ముగ్గు కింద చెక్కుచెదరలేదు. ఇప్పుడు గిన్నె మూత తీస్తున్నాను. ముందు వరసలోని వారెవరైనా వచ్చి ఈ పలక తీయండి. ఆ మూల చుక్క మీద బొటనవేలు పెట్టి కొద్దిగా పక్కకు నెట్టండి. అదుగో, లేచింది.