వేడికి అయస్కాంతమే తూము

శ్రోతలకు నమస్కారం.

పొయ్యి మీది కూరలో స్టీలు గరిటె వదిలేస్తే కాసేపటికి దాని కాడ కూడా చుర్రుమంటుంది. చెక్క గరిటెకు ఆ బాధ లేదు. కరెంటు బాగా పారే లోహంలో వేడి కూడా బాగా పారుతుంది. 1853లో వీడెమన్, ఫ్రాంజ్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు దీన్నొక సూత్రంగా తేల్చారు. లోహాల్లో రెండింటినీ ముఖ్యంగా మోసేది ఎలక్ట్రాన్లే కాబట్టి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

అసలు ఆశ్చర్యం చలి బాగా ముదిరాక మొదలవుతుంది. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ ప్రయోగశాలలో పాదరసాన్ని 4.2 కెల్విన్‌కు, అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచారు. కరెంటుకు నిరోధమన్నదే లేకుండా పోయింది. అలాంటి పదార్థాలే అతివాహకాలు. ఆస్పత్రుల్లో ఎం.ఆర్.ఐ. యంత్రాల్లోని పెద్ద అయస్కాంతాలను చాలావరకు ఈ తీగలతోనే చుడతారు. కరెంటును ఇంత ధారాళంగా వదిలేది వేడిని ఇంకెంత ధారాళంగా వదలాలి! జరిగేది మాత్రం సరిగ్గా తలకిందులు. సీసం, తగరం, అల్యూమినియం అతివాహకాలుగా మారి ఇంకా ఇంకా చల్లబడేకొద్దీ వేడిని దాదాపు ఆపేస్తాయి.

ఎందుకంటే, ఆ స్థితిలో ఎలక్ట్రాన్లు జంటకడతాయి. 1956లో లియాన్ కూపర్ చూపించిన ఈ జంటలకు ఆయన పేరే పెట్టారు. వేడి అంటే కణాల చిందరవందర కదలికే కదా. ఈ జంటలన్నీ ఒకే స్థితిలో, ఒకే నడకలో ఉంటాయి. వాటిలో చిందరవందరకు తావు లేదు. అందుకే అవి కరెంటును మోస్తాయి గానీ వేడిని మోయలేవు. జంటకట్టని ఎలక్ట్రాన్లు చలి పెరిగేకొద్దీ వేగంగా తగ్గిపోతాయి. ఇక మిగిలేది పరమాణువుల కంపనాలే. వాటి సత్తువా అక్కడ అంతంతమాత్రమే.

ఇక్కడికి అయస్కాంతం తెచ్చి పెడితే? తగినంత అయస్కాంత క్షేత్రం తగిలితే జంటలు విడిపోతాయి. అది మళ్లీ మామూలు లోహమైపోతుంది, వేడి పారుతుంది. అయస్కాంతం ఆపితే మళ్లీ అతివాహకం, వేడి బంద్. చెరువు తూముకు తలుపు ఎత్తడం, దించడం లాంటిదే. కాకపోతే ఇక్కడ కదిలే తలుపేమీ లేదు, చుట్టలోకి కరెంటు వదిలితే చాలు. అయస్కాంత క్షేత్రపు బలాన్ని గాస్‌లలో కొలిస్తే, అల్యూమినియంకు కావలసింది సుమారు 100 గాస్. మామూలు ఎం.ఆర్.ఐ. యంత్రం బలం 15,000 గాస్ అని గుర్తుంచుకుంటే, ఇదెంత చిన్న పనో తెలుస్తుంది. 0.05 కెల్విన్ దగ్గర తూము తెరిచి ఉన్నప్పుడు పారే వేడికీ, మూసి ఉన్నప్పుడు పారే వేడికీ తేడా వేల రెట్లు ఉంటుంది.

దీనికి అసలైన పని పరమశూన్యానికి, అంటే ఇక అంతకు మించి చల్లబడడం కుదరని సున్నా కెల్విన్‌కు, అంచుల్లో. రాగి ముక్కను బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే పరమాణు కేంద్రకాలు వరుసలోకి వస్తాయి, ఆ క్రమంలో వేడి పుడుతుంది. ఆ వేడిని ముందుగా చల్లబరిచే యంత్రంలోకి పంపేయాలి, అంటే అల్యూమినియం తూము తెరిచి ఉండాలి. వేడి పోయాక తూము మూసి, రాగి చుట్టూ ఉన్న క్షేత్రాన్ని మెల్లగా తగ్గిస్తూ పోతే రాగి ఒక కెల్విన్‌లో వెయ్యో వంతు కన్నా కిందికి దిగుతుంది. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు రాగి కేంద్రకాలతో పనిచేసే ఇలాంటి యంత్రంతోనే బిస్మత్ కూడా 0.00053 కెల్విన్ దగ్గర అతివాహకం అవుతుందని 2016లో ప్రకటించారు.

వేడిని మోయడానికి హీలియం వాయువును నింపి, తూము మూయాలనుకున్నప్పుడు దాన్ని తోడేసే పాత పద్ధతీ ఉంది. కానీ అంత చలిలో హీలియం గోడలకు పట్టుకుని పూర్తిగా వదలదు. లోహపు పట్టకారుతో వేడి దారిని కలిపి విడదీస్తే రాపిడికే వేడి పుడుతుంది. అయస్కాంతపు తూముకూ లోపం లేకపోలేదు. క్షేత్రాన్ని గబగబా మారిస్తే లోహంలో సుడి కరెంట్లు పుట్టి అదీ వేడెక్కుతుంది. అక్కడ నిదానమే ప్రధానం.

ఇంతవరకు చెప్పింది తెరవడం, మూయడం. మధ్యలో ఆపడం, కొంచెం కొంచెంగా వదలడం కుదురుతుందా? రెండు అతివాహకాల మధ్య సన్నని బంధకపు పొర, అంటే మామూలుగా కరెంటును పారనివ్వని పొర ఉంటే, దాని గుండా పారే వేడి ఆ రెండు అతివాహకాల తరంగాల మధ్య ఉండే దశా భేదం (ఒకటి రెండోదానికన్నా ఎంత ముందో, ఎంత వెనకో) మీద ఆధారపడుతుందని 1965లో మాకీ, గ్రిఫిన్ లెక్కగట్టారు. దాన్ని ప్రయోగంలో చూడడానికి 2012 దాకా పట్టింది. ఇటలీలోని పీసాలో జియాజొట్టో, మార్టినెజ్-పెరెజ్ అలాంటి పొరలున్న చిన్న వలయం గుండా అయస్కాంత ప్రవాహాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, ఆ దశా భేదాన్ని మారుస్తూ పోయారు. జంటలు విడిపోలేదు, అతివాహకం అతివాహకంగానే ఉంది. అవతలి కొస ఉష్ణోగ్రత మాత్రం పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. ఆ ఊగిసలాట సుమారు 20 మిల్లీకెల్విన్లు.

క్వాంటం కంప్యూటర్ల చిప్‌లలో అనవసరపు వేడిని దారి మళ్లించడానికి ఇది పనికొస్తుందని ఆశ. నా లెక్కలో అది ఇంకా ప్రయోగశాల గడప దాటని మాట. అల్యూమినియం తూము మాత్రం ఎన్నో దశాబ్దాలుగా, ఏ హంగామా లేకుండా, అతి చల్లని యంత్రాల్లో పనిచేస్తూనే ఉంది.

నమస్కారం.