ఒక తాళంచెవి, ఒక వెండి నక్షత్రం, క్రిమియా యుద్ధం

[తెరపై: బెత్లెహేం చర్చి కింది గుహ. పాలరాతి నేలలో పొదిగిన 14 కోణాల వెండి నక్షత్రం. యాత్రికులు మోకరిల్లి ముద్దు పెట్టుకుంటున్నారు.]

వ్యాఖ్యాత: యేసు పుట్టింది ఇక్కడేనని క్రైస్తవుల నమ్మకం. 1847లో ఈ చోట ఉన్న నక్షత్రం మాయమైంది. దాని మీద చెక్కినవి లాటిన్ అక్షరాలు, అంటే కాథలిక్కుల ఆరాధన భాష. క్రైస్తవంలోనే మరో శాఖ అయిన గ్రీకు ఆర్థడాక్స్ సన్యాసులే పెరికేశారని కాథలిక్కులు మండిపడ్డారు. చర్చి పెద్ద తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా అప్పటికే నలుగుతోంది.

అత్తగారి తాళాల గుత్తి కోసం తోడికోడళ్లు కీచులాడుకున్నట్టే ఉంది కదా? కాకపోతే ఈ కోడళ్ల పుట్టిళ్లు సామాన్యమైనవి కావు. కాథలిక్కుల వెనుక ఫ్రాన్స్, ఆర్థడాక్స్ వాళ్ల వెనుక రష్యా. గుత్తి మాత్రం అప్పట్లో బెత్లెహేంను ఏలుతున్న ముస్లిం పాలకుడు, ఒట్టోమన్ (తుర్కీ) సుల్తాన్ అబ్దుల్ మెజీద్ చేతిలో ఉంది.

[తెరపై: పటం. నల్ల సముద్రం, ఇస్తాంబుల్, క్రిమియా.]

1852 చివర్లో సుల్తాన్ ఫ్రాన్స్ వైపు మొగ్గాడు. రష్యా జార్ మొదటి నికొలస్ ఆగ్రహించి మెన్షికోవ్‌ను రాయబారిగా పంపాడు. ఇక్కడొక విషయం గమనించాలి. తాళంచెవి తగాదా 1853 మే నెలలోనే తీరిపోయింది! ఆగనిది రష్యా రెండో కోరిక: సుల్తాన్ రాజ్యంలోని కోటి మందికి పైగా ఆర్థడాక్స్ ప్రజలకు సంరక్షకుడు జారేనని రాసివ్వాలి. ఏ రాజు మాత్రం రాసిస్తాడు?

యుద్ధం వచ్చింది. అప్పుడు మతాల లెక్క తలకిందులైంది. ప్రొటెస్టెంట్ బ్రిటన్, కాథలిక్ ఫ్రాన్స్ కలిసి ముస్లిం సుల్తాన్ పక్షాన, క్రైస్తవ రష్యా మీదికి వెళ్లాయి. బ్రిటన్ బెంగ రష్యా బలం పెరుగుతుందని, భారతదేశానికి వచ్చే దారి ఏమవుతుందని. వేదాంతం వాళ్లకు అక్కరలేదు.

[తెరపై: యుద్ధం జరిగిన క్రిమియాలోని బలక్లావా రేవు. మంచు, బురద.]

1854 నవంబరులో తుపానుకు 'ప్రిన్స్' అనే ఓడ చలి దుస్తులతో సహా మునిగింది. కందకాల్లోని బ్రిటిష్ సైనికులకు కాఫీ ఇచ్చారు, పచ్చి గింజలు! వేయించడానికి పెనం లేదు, పొయ్యిలోకి కట్టె లేదు. సరుకుల పద్దులో మాత్రం కాఫీ అందినట్టే. బ్రిటిష్ సైన్యంలో చనిపోయిన సుమారు 21,000 మందిలో 16,000 మందికి పైగా కలరా, విరేచనాలు, జ్వరాలకు బలయ్యారు. తూటా తగిలి పోయినవాళ్లే తక్కువ.

ఇక డబ్బు. బ్రిటన్ ఆర్థిక మంత్రి గ్లాడ్‌స్టన్ అప్పు తెచ్చి యుద్ధం చేయడం తప్పన్నాడు, 1854లో ఆదాయపు పన్ను రెట్టింపు చేశాడు. పట్టుదల ఏడాది కూడా నిలవలేదు. 1855లో ఆయన తర్వాత వచ్చిన మంత్రి 1 కోటి 60 లక్షల పౌండ్లు అప్పు తెచ్చాడు. ఓడిన రష్యా ఖజానా కోలుకోలేదు. 1867లో అలాస్కాను 72 లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

[తెరపై: మళ్లీ వెండి నక్షత్రం.]

మనం చూస్తున్న ఈ నక్షత్రం పాతది కాదు, సుల్తాన్ కొత్తగా పెట్టించినది. గెలిచిన పక్షంలో ఉన్న ఆయన ప్రభుత్వం 1854లో మొదటిసారి విదేశీ అప్పు చేసింది. అప్పు మీద అప్పు పెరిగి 1875లో చేతులెత్తేసింది. 1881 నుంచి ఒట్టోమన్ ఉప్పు మీద, పొగాకు మీద వచ్చే రాబడిని అప్పిచ్చిన ఐరోపావాళ్ల సంస్థే వసూలు చేసుకుంది.