పాత తెలుగు సినిమా డిస్కు కొనేముందు: లడ్డూ పరీక్ష, కిరీటం పరీక్ష, నిడివి లెక్క

అందరికీ నమస్కారం. పాత తెలుగు సినిమాల వీసీడీలు, డీవీడీలు పోగేసే పిచ్చి ఉన్నవాళ్ళ కోసం ఈ వీడియో. "అన్నీ యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి కదా, ఇంకా ఈ డబ్బాలెందుకు" అనేవాళ్ళు కూడా ఒక్క నిమిషం ఆగండి, అసలు ముందు చెప్పాల్సింది మీకే. ఉన్నాయి, కాదనను. కానీ ఉన్నది పూర్తి సినిమానా కాదా అన్నది ఎవరూ చూడరు. అదే సినిమా టీవీలో ఒక నిడివి, వీసీడీలో ఇంకో నిడివి, ఆన్‌లైన్‌లో మరో నిడివి. కత్తెర పడేటప్పుడు మొదట పోయేవి పద్యాలు, తర్వాత రేలంగి, రమణారెడ్డి లాంటి వాళ్ళ కామెడీ ముక్కలు, ఆ తర్వాత పాటల్లో చరణాలు. అంటే మనం ఏ రుచి కోసం పాత సినిమా పెట్టుకుంటామో సరిగ్గా అదే ఎగిరిపోతుంది.

మాయాబజార్ సంగతే తీసుకోండి. 1957 సినిమా, విజయా వారిది, కె.వి.రెడ్డి డైరెక్షన్, మార్కస్ బార్‌ట్లీ కెమెరా. 2010లో దాన్ని రంగుల్లోకి మార్చి మళ్ళీ థియేటర్లలో వేశారు. జనం ఎగబడి చూశారు, నేనూ చూశాను, బాగుంది. అయితే ఆ రంగుల వెర్షన్ కోసం నిడివి తగ్గించారు, కొన్ని పాటలు, పద్యాలు తీసేశారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో "రంగులది వచ్చింది కదా" అని బ్లాక్ అండ్ వైట్ డిస్కులు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నారు. ఇవ్వకండి! రెండూ దగ్గర పెట్టుకోండి. ఇంకో సంగతి, ఈ సినిమా తమిళంలో కూడా అదే ఏడాది తీశారు, సెట్లు అవే, చాలామంది నటులు కూడా వాళ్ళే, అందుకని అట్ట మీద బొమ్మ చూసి మోసపోవచ్చు. అభిమన్యుడు నాగేశ్వరరావైతే తెలుగు, జెమినీ గణేశన్ అయితే తమిళం. అంతే గుర్తు.

సరే, డిస్కు చేతికొచ్చింది, కంప్యూటర్లో వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో పెట్టారు. మొదట సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర ఆపండి. చాలామంది ముందుకు తోసేస్తారు దాన్ని, మనకు మాత్రం అదే ప్రాణం. అందులో ఎన్ని రీళ్ళు, నిడివి ఎన్ని అడుగులు లేదా ఎన్ని మీటర్లు అని ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, మీటర్లలో అయితే 27 చిల్లర. ఉదాహరణకి 16,200 అడుగులని ఉందనుకోండి, 90తో భాగిస్తే 180 నిమిషాలు, అంటే మూడు గంటల సినిమా. ఇప్పుడు డిస్కు ఎన్ని నిమిషాలు ఆడుతోందో చూడండి. వీసీడీ అయితే రెండు మూడు డిస్కులవీ కలిపి చూడాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, తొందరపడి "7 నిమిషాలు కోసేశారు" అని గొడవ పెట్టుకోకండి. సినిమా తీసింది సెకనుకి 24 ఫ్రేములతో, అంటే 24 బొమ్మలతో. మన దేశంలో వీసీడీలు పాల్ అనే టీవీ పద్ధతిలో వచ్చాయి, అది సెకనుకి 25. సినిమాని అందులోకి ఎక్కించేటప్పుడు మామూలుగా వేగం కొంచెం పెంచి ఎక్కిస్తారు, దాంతో 4 శాతం తొందరగా అయిపోతుంది. మన 180 నిమిషాల సినిమా 173కి దిగుతుంది, కానీ ఒక్క సీను కూడా పోలేదు. 160 వచ్చిందంటే మాత్రం ఎక్కడో గట్టిగానే కోశారు. డీవీడీలు మన దగ్గర ఎక్కువగా ఎన్‌టీఎస్‌సీ అనే ఇంకో టీవీ పద్ధతిలో వచ్చాయి, వాటిలో ఈ తేడా ఉండదు, 180కి 180 రావాలి. ఏది ఏదో తెలియాలంటే వీఎల్‌సీలో కంట్రోల్, జె నొక్కండి, 25 ఫ్రేములని చూపిస్తే పాల్, 29.97 అని చూపిస్తే ఎన్‌టీఎస్‌సీ.

చెవి ఉన్నవాళ్ళు లెక్క వెయ్యకుండానే పట్టేస్తారు. వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది కదా, పాల్ డిస్కులో ఘంటసాల గొంతు అసలు దానికంటే కాస్త పైన పలుకుతుంది. అదే పాట గ్రామఫోన్ రికార్డు నుంచి తీసింది పక్కన పెట్టి వినండి, తెలిసిపోతుంది. రీరిలీజులప్పుడు ట్రిమ్ చేసి కొత్త సర్టిఫికెట్ తీసుకున్న ప్రింట్లు కూడా ఉంటాయి, అక్కడ సర్టిఫికెట్ తేదీ కూడా చూసుకోవాలి. పద్యం చివర రాగం తీస్తూ తీస్తూ ఉండగానే టక్కున ఇంకో షాట్‌లోకి పడిందంటే ఇక లెక్కలతో పనేముంది, అక్కడ కత్తెర పడినట్టే.

ఇప్పుడు లడ్డూ పరీక్ష. మాయాబజార్ డిస్కులో 'వివాహ భోజనంబు' పాట దగ్గరికి వెళ్ళండి. ఎస్వీ రంగారావు గారు ఘటోత్కచుడిగా కూర్చుని ఉంటే లడ్డూలు వాటంతట అవే లేచి నోట్లోకి వెళ్తుంటాయి చూడండి, అక్కడ ఆపండి. లడ్డూ గుండ్రంగా ఉందా, కోడిగుడ్డు పక్కకి పడుకున్నట్టు ఉందా? పక్కకి సాగి ఉంటే మీ టీవీయో, డిస్కు తయారుచేసినవాళ్ళో బొమ్మని సాగదీశారన్నమాట. ఆ కాలం సినిమాల బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, ఇప్పటి వెడల్పు టీవీలో వేస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి. వస్తేనే సరి. "స్క్రీన్ వేస్ట్ అవుతోంది" అని రిమోట్ నొక్కి సాగదీస్తే సావిత్రి గారి ముఖం ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తెలుగులో తొలి సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పు బొమ్మ ఉన్న సినిమా, 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు, కాబట్టి అంతకుముందు తెలుగు సినిమా ఏదైనా సినిమాస్కోప్ లాగా స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకి పరుచుకుని కనిపిస్తే అనుమానించండి. సాగదీత టీవీ వల్లో వీఎల్‌సీ వల్లో అయితే సరిచెయ్యొచ్చు, వీఎల్‌సీలో ఎ నొక్కుతూ పోతే 4:3 వస్తుంది.

సరిచెయ్యలేనిది ఇంకోటి ఉంది. దానికి కిరీటం పరీక్ష. సాగదీయకుండా వెడల్పు నింపాలంటే పైనా కిందా కోసెయ్యాలి, పౌరాణికాల్లో అది వెంటనే దొరికిపోతుంది. క్లోజప్పులు వద్దు, సభలో నిలబడి మాట్లాడే షాట్లు చూడండి. వరసగా అందరి కిరీటాల కొసలూ తెగిపోయి, కింద పాదాలు కూడా లేకపోతే అది కోసిన కాపీ. ఎంత శుభ్రంగా, మెరుస్తూ ఉన్నా నేనైతే డబ్బు పెట్టను. 74 తర్వాతి స్కోప్ సినిమాలకి కథ తిరగబడుతుంది, అక్కడ పైనా కిందా నల్ల పట్టీలు ఉండాలి, లేకపోతే పక్కలు కోసినట్టు.

క్వాలిటీ గురించి కాస్త. వీసీడీ అంటే 352 బై 288, అంతే. డీవీడీలో 720 బై 480 లేదా 576. అంకెలు వదిలేయండి, 'లాహిరి లాహిరిలో' పాట రెండింటిలోనూ పెట్టి చూడండి. బార్‌ట్లీ వెన్నెల్లో నీటి మీద అలల మెరుపు ఉంటుంది కదా, వీసీడీలో ఆ మెరుపంతా చిన్న చిన్న గళ్ళుగా విడిపోయి, పడవ వెనక నీళ్ళు గచ్చు పరిచినట్టు కనిపిస్తాయి. మంచి డీవీడీలో అల అలగానే ఉంటుంది. అయినా ఒక సినిమా పూర్తి నిడివితో వీసీడీలోనే దొరికితే వీసీడీనే కొంటాను. గళ్ళని భరించొచ్చు, లేని పద్యాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాం?

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు డిస్కుని ట్యూబ్ లైట్ వైపు ఎత్తి పట్టుకుని కింది నుంచి చూడండి. సూది మొనంత వెలుతురు చుక్కలు కనిపిస్తే లోపలి వెండిలా మెరిసే పూత ఊడిపోయింది, వదిలెయ్యండి. వీసీడీకి అసలు ప్రమాదం కింది గీతల కంటే పైన బొమ్మ ఉన్న వైపు నుంచే, ఎందుకంటే పూత సరిగ్గా ఆ బొమ్మ కిందే ఉంటుంది. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం. పైన బాల్ పెన్నుతో పేర్లు రాయకండి. తుడిచేటప్పుడు మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. అడుగు వైపు ఊదా రంగులో ఉంటే అది ఎవరో ఇంట్లో రాసిన డిస్కు, కంపెనీది కాదు.

మార్కెట్లో ఎక్కువగా కనపడేవి మోజర్ బేర్ డిస్కులు. వాళ్ళు 2007లో వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి అమ్మి పైరసీ వాళ్ళతో పోటీ పడ్డారు. 2018లో ఆ కంపెనీ లిక్విడేషన్‌కి వెళ్ళిపోయింది, కాబట్టి మళ్ళీ ప్రింట్ అవుతాయన్న ఆశ పెట్టుకోకండి. అమెరికాలో బంధువులుంటే అడగండి, అక్కడి తెలుగువాళ్ళ కోసం ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో వచ్చిన డీవీడీలు అటకల మీద పడి ఉంటాయి, సూట్‌కేసులో ఒక మూల పట్టేస్తాయి.

వీహెచ్‌ఎస్ క్యాసెట్ల గురించి ఒక్క మాట. కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లగా పిండి చల్లినట్టుంటే అది బూజు, విజయవాడ, వైజాగ్ లాంటి చోట్ల చెమ్మకి పట్టేస్తుంది. దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి, హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. వీసీఆర్‌లు చేస్తూ చివరిదాకా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది, ఉన్నదాన్ని కాపాడుకోవాలి. బాగున్న క్యాసెట్లని క్యాప్చర్ కార్డుతో ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, సెట్టింగ్ పాల్‌లో ఉంచండి.

వీసీడీల్ని కాపీ చేసుకోవడం తేలికే, ఎంపెగ్‌ఏవీ (MPEGAV) అనే ఫోల్డర్లో పేరు చివర DAT అని ఉండే ఫైలు ఉంటుంది, దాన్ని హార్డ్ డిస్కులోకి లాగేసుకుంటే వీఎల్‌సీలో ఆడుతుంది. గీతలున్న డిస్కు మధ్యలో ఆగిపోతే వేరే డ్రైవులో ప్రయత్నించండి, ఒకదాంట్లో మొరాయించింది ఇంకోదాంట్లో సాఫీగా చదివేస్తుంది. ఫైలు పేరులో సినిమా, సంవత్సరం, ఏ కంపెనీ డిస్కు, ఎన్ని నిమిషాలు, ఈ నాలుగూ పెట్టండి. వట్టి సినిమా పేరు పెడితే రేపు రెండు కాపీలు చేరినప్పుడు ఏది పూర్తిదో తేల్చుకోలేక మళ్ళీ మొత్తం చూడాల్సొస్తుంది. మాయాబజార్ అయితే అది శిక్ష కాదనుకోండి!

మీ ఇంట్లో 1963 నాటి లవకుశ ఉంటే ఇప్పుడే తీసి లెక్క చూడండి. మూడు గంటల ఇరవై నిమిషాలు దాటే సినిమా అది, కోత పడని కాపీ దొరకడం కష్టం. ఏ కంపెనీ డిస్కు, పాలా ఎన్‌టీఎస్‌సీనా, ఎన్ని నిమిషాలు వచ్చిందీ కింద రాయండి, అందరివీ పక్కపక్కన పెట్టి వచ్చే వీడియోలో చూద్దాం.