ఇంట గెలవడం అంటే ఎంత? స్వింగ్ స్టేట్ సర్వేలు చదివే లెక్క

నమస్తే అండి. స్వింగ్ స్టేట్ అంటే ఏ పార్టీ వైపైనా మొగ్గగల రాష్ట్రం. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు కదా. 2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో, రిపబ్లికన్ జార్జ్ బుష్ మీద పోటీ చేసిన డెమొక్రాట్ అల్ గోర్ ఇంటనే ఓడిపోయారు. సొంత రాష్ట్రం టెన్నెసీలో, సుమారు 80 వేల ఓట్ల తేడాతో. అక్కడి 11 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రంలో గెలిచినవాళ్ళకి దక్కే, అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు) పడి ఉంటే, ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో ఓడిన ఆ గొడవతో పనే లేకుండా అధ్యక్షుడయ్యేవారు.

దీన్ని చూపించి, సొంతగడ్డ బలం అంతా ఉత్తమాటే అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో లెక్క వేసి చూద్దాం. పెన్నూ కాగితం తీసుకోండి.

మనం చూడాల్సింది గెలుపోటములు కాదు. రాష్ట్రంలో వచ్చిన తేడాని, దేశం మొత్తం మీద వచ్చిన తేడాతో పోల్చాలి. 2000లో గోర్ టెన్నెసీలో 3.9 పాయింట్లతో, అంటే ఓట్ల శాతంలో అంత తేడాతో, ఓడారు. దేశం మొత్తం ఓట్లలో మాత్రం 0.5 ముందున్నారు. రెండూ కలిపితే, డెమొక్రాట్లకి టెన్నెసీ దేశం కంటే 4.4 పాయింట్లు వెనక. రాసుకున్నారా?

ఇప్పుడు 2004కి రండి. గోర్ పోటీలో లేరు. డెమొక్రాట్ల అభ్యర్థి జాన్ కెర్రీ టెన్నెసీలో 14.3తో ఓడారు, దేశంలో 2.5తో ఓడారు. తీసేస్తే 11.8 వెనక. గోర్ పక్కకి తప్పుకోగానే ఏడు పాయింట్లకి పైగా జారిపోయింది.

"దక్షిణాది అంతా అప్పుడు రిపబ్లికన్ల వైపు జారుతోంది కదా" అని మీకు అనుమానం రావాలి. రావడం మంచిదే. అందుకే పక్క రాష్ట్రం చూడాలి. కెంటకీలో 2000లో వెనకబాటు 15.6, 2004లో 17.4. పెరిగింది రెండు పాయింట్లు కూడా లేదు. అంటే గోర్ బలం నిజమే. ఆ బలం ఎదురుగాలికి సరిపోలేదు, అంతే.

పక్క రాష్ట్రం చూడకపోతే ఎలా బోల్తా పడతామో 2024 చెబుతుంది. కమలా హారిస్‌తో ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ టిమ్ వాల్జ్, మిన్నెసోటా గవర్నర్. 2020లో మిన్నెసోటా డెమొక్రాట్లకి దేశం కంటే 2.6 ముందుంటే, 2024లో 5.7 ముందుంది. మూడు పాయింట్లు పెరిగింది కదా, వాల్జ్ వల్లే అనుకుంటాం. కానీ పక్కనున్న విస్కాన్సిన్‌లో, ఆయన పోటీ లేకుండానే, అదే లెక్కలో దాదాపు నాలుగున్నర పెరిగింది. దేశం రిపబ్లికన్ల వైపు జరిగినంతగా ఆ ప్రాంతం జరగలేదు. వాల్జ్ ఖాతాలో వేయడానికి ఏమీ మిగల్లేదు.

ఇక సర్వేలు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు, నాకు బాధగా ఉంటుంది. 600 మందిని అడిగిన సర్వేలో ఒక్కో అభ్యర్థి అంకెకి నాలుగు పాయింట్లు అటూ ఇటూ తేడా ఉండొచ్చు. ఇద్దరి మధ్య ఆధిక్యానికైతే అది దాదాపు రెట్టింపు, అంటే ఎనిమిది. మనం వెతికే సొంతగడ్డ బలమేమో చాలాసార్లు మూడో నాలుగో. తూనికరాళ్ళు కిలోల్లో ఉన్న త్రాసు మీద బంగారం తూచినట్టు ఉంటుంది. కనీసం నాలుగైదు సర్వేల సగటు తీసుకోండి. అవే వారాల్లో దేశం మొత్తానికి వచ్చిన సర్వేల సగటుని అందులోంచి తీసేయండి. పక్క రాష్ట్రానికీ అలాగే చేయండి.

ఇది కూడా ఎన్నికలకి నాలుగు నెలల ముందు చేస్తే గట్టిగా నమ్మకండి. 1988 జులైలో, పార్టీ మహాసభ అయిన వెంటనే, గాలప్ సంస్థ సర్వేలో డెమొక్రాట్ల అభ్యర్థి మైకేల్ డుకాకిస్ 17 పాయింట్లు ముందున్నారు. నవంబర్లో దాదాపు ఎనిమిదితో ఓడారు. తొలి సర్వేలో చూడాల్సిన గడి ఇంకోటుంది: "ఇంకా తేల్చుకోలేదు". ఉన్న ఊళ్ళో అందరికీ తెలిసిన నాయకుడికి ఆ గడి చిన్నగా ఉంటుంది, పక్క రాష్ట్రంలో పెద్దగా ఉంటుంది. పేరు తెలిసి ఉండటాన్ని ఓటు అనుకోకండి.

ఇప్పుడు మీ వంతు. నార్త్ కరోలినాలోని షార్లెట్, రాలీల్లో ఉన్న మనవాళ్ళకి ఇది మరీ దగ్గరి లెక్క. 2004లో జాన్ ఎడ్వర్డ్స్, నార్త్ కరోలినా సెనేటర్, కెర్రీతో ఉపాధ్యక్ష అభ్యర్థి. బుష్ ఆధిక్యం అక్కడ 2000లో 12.8, 2004లో 12.4. దేశం అంకెలు మీ కాగితం మీదే ఉన్నాయి. పక్క రాష్ట్రంగా సౌత్ కరోలినా తీసుకోవద్దు, ఎడ్వర్డ్స్ పుట్టింది అక్కడే. వర్జీనియా తీసుకోండి: అక్కడ బుష్ ఆధిక్యం 2000లో 8.0, 2004లో 8.2. వీడియో ఆపి లెక్క వేసి, వచ్చిన అంకె కింద రాయండి.