ఫాదర్ గారిని ముందే పిలవండి

శ్రోతలందరికీ నమస్కారం.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక యువకుడు కతోలిక ఫాదర్‌గా గురుపట్టం పుచ్చుకుంటున్నాడంటే ఊరు ఊరంతా కదులుతుంది. పందిళ్లు, మేళాలు, భోజనాలు. ఆ రోజు అతను పీఠం ముందు సాష్టాంగపడతాడు. మేత్రాణులు, అంటే బిషప్ గారు, తలపై చేతులుంచి, అరచేతులకు పరిమళ తైలం పూస్తారు. ఆ చేతులు ఆ తర్వాత చేసే ఒక పని, రోగులకు తైలం రాయడం గురించి ఈ రోజు మాట్లాడతాను.

అక్కడిదాకా రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. తత్వశాస్త్రం, వేదాంతం కలిపి కనీసం ఆరేళ్ల చదువు. మామూలుగా 25 ఏళ్లు నిండనిదే గురుపట్టం ఇవ్వరు. బ్రహ్మచర్యానికి, మేత్రాణుల పట్ల విధేయతకు గురుపట్టానికి ముందు మెట్టైన డీకను అయ్యేటప్పుడే మాట ఇచ్చి ఉంటాడు. పట్టం అయ్యాక చాలామందికి మొదటి నియామకం ఏదో ఒక విచారణలో, అంటే ఒక గుడి, దాని కిందికి వచ్చే ఊళ్లలో, సహాయ గురువుగా. కనిగిరి, పొదిలి వైపు మెట్ట ఊళ్లంటే తెలిసిందే కదా, ఎండలో మోటారు సైకిలు ప్రయాణం. ఆదివారం పూజ, జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, సమాధి ప్రార్థనలు. ఫాదర్ గారు రాలేని వారం ఊళ్లో ప్రార్థన నడిపేది మతపాఠాలు చెప్పే ఉపదేశి గారే.

వీటన్నిటిలో నా మనసుకు బాగా దగ్గరైనది రోగుల దగ్గరికి వెళ్లడం. చొక్కా జేబులో చిన్న గుండ్రటి డబ్బీలో దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పం, సంచిలో వేలెడంత తైలం సీసా. ఆ తైలాన్ని ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారపు ప్రత్యేక పూజలో మేత్రాణులు ఆశీర్వదిస్తారు. 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనంలోని, అంటే ఆ మేత్రాణుల పరిధిలోని, విచారణలన్నిటికీ అది అక్కడి నుంచే చేరుతుంది. ఫాదర్ గారు వేపచెట్టు కింద నులకమంచం పక్కన కూర్చుని, ముసలమ్మ నుదుటి మీద, రెండు అరచేతుల మీద ఆ తైలం రాస్తారు. కూలిపనులకు కాయలు కాసిన ఆ అరచేతులను తన చేతుల్లోకి తీసుకుని, తొందరపడకుండా రాసే యువ గురువును చూస్తే నాకు గౌరవంతో తల వంగుతుంది.

రోగి తన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వినేటప్పుడు ఇంట్లోవాళ్లను బయట ఉండమంటారు. డెబ్భై ఏళ్లుగా లోపల దాచుకున్న బరువును ఆమె తన మనవడి వయసువాడికి అప్పగిస్తుంది. బయటికి వచ్చాక కొడుకులు ఆయన ముఖం చూస్తారు, ఏమైనా చెబుతారేమోనని. చెప్పరు. ఎవరడిగినా, ప్రాణం పోయినా చెప్పకూడదు. ఆ రహస్యాన్ని బయటపెట్టిన గురువుకు శ్రీసభ నుంచి, అంటే కతోలిక సంఘం నుంచి, వెలి తప్పదు. ఆ రాత్రి ఆయన విచారణ ఇంటికి చేరి ఒక్కరే అన్నం తింటారు, విన్నది ఎవరితోనూ పంచుకోలేరు. ఈ ఒంటరితనం మనకు పట్టదు. ఇది నాకు బాధగా ఉంటుంది.

ఇంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఫాదర్ గారు తైలంతో వచ్చారంటే ఇక అయిపోయినట్టేనని మనవాళ్ల భయం. వెనుకటి తరం దాన్ని అవస్థ అభ్యంగనం, అంటే చావుబతుకుల్లో పూసే తైలం, అనేవారు, ఆ భయం ఇంకా పోలేదు. అందుకే స్పృహ తప్పాక, గొంతులో గురక మొదలయ్యాక ఫోను చేస్తారు. ఆయన పరుగున వచ్చేసరికి రోగి మాట్లాడలేని, వినలేని స్థితిలో ఉంటారు. ప్రాణం పోయే క్షణం దాకా ఆగాల్సిన పని లేదని ప్రపంచంలోని మేత్రాణులు కూడిన రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. 1972లో ఆరవ పౌలు పోపు గారు ఆ సంస్కార విధిని సవరించారు. ఆలివ్ నూనె దొరకని చోట మరో మొక్క నూనె వాడవచ్చని కూడా అనుమతించారు. జబ్బు పడినవాడు సంఘ పెద్దలను పిలిపించుకోవాలని బైబిల్లోని యాకోబు లేఖ ఏనాడో చెప్పింది. పెద్ద ఆపరేషనుకు ముందు పిలవవచ్చు. వయసు మీదపడి నీరసించినవారి కోసమూ పిలవవచ్చు. కోలుకుని మళ్లీ జబ్బు పడితే మళ్లీ పిలవవచ్చు.

మీ ఇంట్లో మంచం పట్టినవారు ఉంటే, వాళ్లకు మాట స్పష్టంగా ఉన్నప్పుడే కబురు పంపండి. ఫాదర్ గారి నంబరు లేకపోతే ఉపదేశి గారికి చెప్పినా చాలు. వచ్చినాయనను గుమ్మంలోంచే పంపించకుండా కూర్చోబెట్టి, మీతోపాటు ఇంత అన్నం పెట్టండి.